వికలాంగులు వాలంటీర్లుగా చేరాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. ఆ రోజు మమ్మల్ని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఫోటో తీసి పంపిస్తారు. సరిగ్గా రెండు రోజులకు, డిసెంబరు 5న, అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం వస్తుంది. ఆ సభకు మాత్రం మమ్మల్ని పిలిచేవాళ్లు అరుదు. వికలాంగుడంటే సాయం పుచ్చుకునే మనిషే అన్న అలవాటు అంతగా పాతుకుపోయింది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో సేవాపనుల్లో చేరాలనుకునే వికలాంగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు, వాళ్లను చేర్చుకోవాలనుకునే సంస్థలవాళ్లు మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాం. దేనికది విడిగా అర్థమవుతుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టక ముందు

నాకే ఒకరి సాయం కావాలి. నేను ఇంకొకరికి ఏం చేయగలను?

స్నానానికి తోడు కావాల్సిన మనిషి పదో తరగతి లెక్కలు చెప్పలేడని ఎక్కడా లేదు. పైగా మామూలు వాలంటీర్లకు లేని పరిజ్ఞానం మీ దగ్గర ఉంది. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో ఏ కౌంటర్ దగ్గర ఏం అడుగుతారు, కాలికి తొడిగే కొత్త కాలిపర్ ఎక్కడ ఒరుసుకుని పుండు చేస్తుంది, ఏ బస్టాండులో మరుగుదొడ్డి వాడుకోవడానికి వీలుంటుంది లాంటివి శిక్షణ తరగతుల్లో చెప్పరు. చూపులేనివాళ్లు కంప్యూటర్ వాడటానికి లక్షలమందికి ఆధారమైన ఎన్‌వీడీఏ అనే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్‌ను 2006లో మొదలుపెట్టింది మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు. తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. తమకు ఏది లేక ఇబ్బంది పడుతున్నారో దాన్నే చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు.

వాలంటీర్ అంటే నెలకు ఐదు వేలిచ్చే పనేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పెట్టిన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థలో ఆ గౌరవ వేతనం ఉండేది. ఇక్కడ మాట్లాడుతున్నది జీతం లేని సేవ గురించి. కొన్నిచోట్ల ఆటో ఖర్చు, భోజనం ఇస్తారు. న్యాయ సేవాధికార సంస్థల్లో చట్టం విషయాల్లో జనానికి సాయపడే పారా లీగల్ వాలంటీర్లకు పనిచేసిన రోజులకు కొంత గౌరవ వేతనం ఉంటుంది. మీకు అసలు కావాల్సింది ఉద్యోగమైతే మాత్రం, ‘ముందు ఊరికే చెయ్యి, తర్వాత చూద్దాం’ అనేవాళ్ల మాట నమ్మి ఏళ్లు పోగొట్టుకోకండి.

చురుగ్గా తిరుగుతున్నానని నా పింఛను తీసేస్తారా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛన్లకు మళ్లీ వైద్య పరీక్షలు పెట్టి కొందరికి నోటీసులిచ్చాక ఈ భయం ఇంకా పెరిగింది. వైకల్య శాతాన్ని తేల్చేది వైద్యులు, అది కూడా శరీరాన్ని పరీక్షించి. మీరు శనివారం బడిలో పాఠం చెప్పారా లేదా అన్నదానితో ఆ శాతానికి సంబంధం లేదు. పోలియో కాలు సేవ చేసినంత మాత్రాన నయమైపోదు. జీతం లేని పని వల్ల ఆదాయం కూడా మారదు. ప్రభుత్వ సంస్థ నుంచి ప్రతినెలా బ్యాంకు ఖాతాలో డబ్బు పడే పనైతే మాత్రం చేరేముందు గ్రామ సచివాలయంలోనో మండల పరిషత్ కార్యాలయంలోనో అడిగి తెలుసుకోండి.

ఎంత శాతం ఉంటే చేర్చుకుంటారు? సర్టిఫికెట్ చూపించాలా?

శాతంతో పనిలేదు. 40 శాతం అన్న లెక్క రిజర్వేషన్లు, పింఛన్ల వంటి ప్రయోజనాల కోసం. సేవ చేయడానికి ఎవరూ మీ సదరం కాగితం అడగక్కర్లేదు. అడిగినా జిరాక్స్ మీద దేనికి ఇస్తున్నారో రాసి ఇవ్వండి. ఒరిజినల్ చేతినుంచి వదలొద్దు.

ఇంట్లో పంపించడం లేదు. ‘నీకెందుకమ్మా ఈ తిప్పలు’ అంటున్నారు. ఏం చేయాలి?

ఆడపిల్లల ఇళ్లలో ఈ మాట మరీ ఎక్కువ. వాదిస్తే లాభం ఉండదు. మొదటిరోజు అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లండి. చోటు చూసి, అక్కడి అక్కలతో నాలుగు మాటలు మాట్లాడితే సగం భయం పోతుంది. మిగతా సగం నిజమైన భయమే: ఎవరు దింపుతారు, చీకటి పడితే ఎలా, బాత్రూంకి వెళ్లాలంటే ఎవరు పట్టుకుంటారు. వీటికి జవాబులు మీరే ముందుగా సిద్ధం చేసుకుని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే పనినే ఇంటికి రప్పించండి. వీధిలో పిల్లలకు సాయంత్రం అరుగు మీద చదువు చెప్పడం కూడా సేవే. కొన్నాళ్లకు ఆ పిల్లల తల్లులే మీ తరఫున మాట్లాడతారు.

నాకు మానసిక అనారోగ్యం ఉంది, మందులు వాడుతున్నాను. ముందే చెప్పాలా?

చెప్పాలన్న నియమం లేదు. పనికి సంబంధించినంత వరకు చెబితే చాలు: ‘పొద్దున్నే మందుల మత్తు ఉంటుంది, పదకొండు తర్వాత వస్తాను’, ‘గోల ఎక్కువగా ఉండే చోట ఉండలేను’ లాంటివి. జబ్బు పేరు మీ ఇష్టం. బాగా కుంగుబాటుగా ఉన్న రోజుల్లో పని కోసం మందులు, నిద్ర మానుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

## పని వెతుక్కునేటప్పుడు

కాళ్లు పనిచేయవు, చేతులు బాగున్నాయి. ఏ పనికి ఎక్కువ అవసరం ఉంది?

నన్నడిగితే స్క్రైబ్ పని. చూపులేని విద్యార్థులకు పరీక్షలో ప్రశ్న చదివి, వాళ్లు చెప్పింది రాసిపెట్టే మనిషి దొరక్క ప్రతి పరీక్షల సీజన్‌లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కూర్చుని చేసే పని, కావాల్సింది చేతిరాత, ఓపిక.

ఎలా ఉంటుందంటే, అభ్యర్థి పక్కన కూర్చుని ప్రశ్నను కామాలతో సహా చదవాలి. బహుళైచ్ఛిక ప్రశ్నైతే నాలుగు జవాబులూ ఒకే గొంతుతో చదవాలి. సరైనదాని దగ్గర గొంతు పెంచితే అది మోసమే. బొమ్మ వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ‘త్రిభుజం, కింది భుజం మీద 6 సెంటీమీటర్లని రాసి ఉంది’. ఇంగ్లీషు పేర్ల స్పెల్లింగు వాళ్లే చెబుతారు, మీరు దిద్దకూడదు. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. అంతసేపు కూర్చోగలరో లేదో ఇంట్లో ఒకసారి చూసుకోండి.

అర్హతల నియమాలు పరీక్షను బట్టి మారతాయి. చాలావాటిలో అభ్యర్థి కంటే తక్కువ చదివినవాళ్లే కావాలంటారు, డిగ్రీ చేసినవాళ్లు టెన్త్ పరీక్షకు పనికిరారు. చేరేముందు ఆ పరీక్ష సూచనలు చదవండి. ఇంకొక మాట: స్క్రైబ్ ఫారం ఇచ్చేటప్పుడే ‘స్క్రైబ్ చక్రాల కుర్చీలో వస్తారు, కింది అంతస్తు గది కావాలి’ అని రాయించండి. పరీక్ష రోజు పొద్దున చెబితే మిమ్మల్ని కుర్చీతో సహా రెండో అంతస్తుకు మోసుకెళ్లే ఏర్పాటు చేస్తారు తప్ప గది మార్చరు.

నాకు చూపు లేదు. ఫోన్ బాగా వాడతాను. నాకు తగ్గ పనేముంది?

మాటతో చేసే పనులన్నీ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు రోజూ ఫోన్ చేసి మందులు వేసుకున్నారా అని అడగడం, రక్తదాతల జాబితా చూసి ఫోన్లు చేయడం, పిల్లలకు సంగీతం నేర్పడం, కొత్తగా చూపు పోయినవాళ్లకు తెర మీదివి చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడటం నేర్పడం. ఈ చివరిది చూపున్నవాళ్లు సరిగా నేర్పలేరు. ‘అదిగో అక్కడ నొక్కు’ అంటారు.

ఆడియో పుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు గానీ వాటిని విని తప్పులు పట్టేవాళ్లు తక్కువ. ఎక్కడ పేజీ దాటిపోయింది, ఎక్కడ ఫ్యాను చప్పుడు మాటను మింగేసింది అన్నది రోజంతా విని చదివే అలవాటున్న చెవికే ముందు తెలుస్తుంది. చూపులేనివాళ్లు చదువుకోగలిగే పుస్తకాలతో 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యులై పుస్తకాలు వాడుకోవడం మీ ఊళ్లో విద్యార్థులకు నేర్పినా మంచి పనే.

వినపడదు, మాట రాదు. అందరూ పక్కన పెడుతున్నారు.

చేతిపనులు, వంటశాల, మొక్కలు, సామాను సర్దడం ఎలాగూ ఉన్నాయి. కానీ మీరొక్కరే చేయగలిగే పని వేరే ఉంది, సైగల భాష నేర్పడం. మీ మండలంలో ఆశా వర్కర్లకు, బ్యాంకు సిబ్బందికి, పోలీస్ స్టేషన్ రైటర్‌కు ‘నొప్పి ఎక్కడ?’, ‘ఎవరు కొట్టారు?’, ‘ఎంత డబ్బు?’ అన్న కొన్ని సైగలు వస్తే ఎంత తేడానో మీకు తెలుసు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వీడియోలు ఉన్నాయి, వాటిని చూపిస్తూ నేర్పొచ్చు.

మంచం దిగలేను. ఇంట్లోంచే ఏదైనా చేయొచ్చా?

చేయొచ్చు. తెలుగు వికీపీడియా 2003 నుంచి పూర్తిగా వాలంటీర్లతోనే నడుస్తోంది. మీ ఊరి చెరువు గురించి, మీ జిల్లా గురించి ఆధారాలతో రాయొచ్చు, ఉన్న వ్యాసాలు దిద్దొచ్చు. వికీసోర్స్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పేజీని ఒకపక్క, టైపైన అక్షరాలను ఒకపక్క పెట్టి తప్పులు సరిచేసే పని ఎప్పుడూ మిగిలే ఉంటుంది. రోజుకు ఒక్క పేజీ చేసినా లెక్కే, ఆరోగ్యం బాగాలేని వారం ఆపేసినా అడిగేవాళ్లుండరు.

మా అబ్బాయికి 24 ఏళ్లు, బుద్ధిమాంద్యం. ఎక్కడికైనా పంపొచ్చా?

ఒకే రకం పని, ఒకే మనిషి చెప్పేది, ఒకే సమయం. ఈ మూడూ కుదిరే చోటు చూడండి. గుడిలో అన్నదానం ముందు విస్తర్లు వేయడం, గ్రంథాలయంలో పత్రికలు తేదీల వారీగా పేర్చడం, నర్సరీలో కవర్లలో మట్టి నింపడం లాంటివి. పనిని చిన్న ముక్కలు చేసి బొమ్మల కార్డు మీద అతికించి ఇస్తే బాగా గుర్తుంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థలో ఇలాంటి శిక్షణ గురించి అడిగి తెలుసుకోవచ్చు. తల్లిదండ్రులకు ఒక విన్నపం: మొదటి రెండు వారాలు వెంట ఉండండి గానీ అతని పని మీరు చేసేయకండి. అతనికి ఇష్టమో కాదో అతన్నే అడగండి. ఇష్టం లేదని చెప్పడానికి మాటలు రాకపోయినా ముఖం చెబుతుంది.

కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. నన్ను తీసుకుంటారా?

తీసుకోవాలి. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడురోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. చిక్కంతా శిబిరంతోనే: ఊళ్లో బడి గదిలో పడక, ఆరుబయట స్నానం. ప్రోగ్రాం ఆఫీసర్‌తో ముందే మాట్లాడి, రాత్రికి ఇంటికి వెళ్లి పొద్దున రావడానికి ఒప్పించుకోండి. రోడ్డు ఊడవలేకపోతే ఇంటింటి సర్వే వివరాలు నమోదు చేసే పని అడగండి. ఆ పనికి ఎప్పుడూ మనుషులు తక్కువే.

రక్తదానం చేయొచ్చా?

పోలియో ఉన్నా, కాలు తీసేసినా, చూపు లేకపోయినా అదొక్కటే అడ్డు కాదు. అందరికీ ఉన్న షరతులే: 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. వికలాంగుల హక్కుల 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ జబ్బు కూడా ఉన్నాయి. ఈ మూడూ ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. మూర్ఛకు మందులు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా ఇవ్వకూడదు. మిగతాది శిబిరంలోని డాక్టరు చూసి చెబుతారు.

మా ఊళ్లో ఏ సంస్థా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మండలంలో వికలాంగుల సమాఖ్య ఉందేమో కనుక్కోండి. మామూలు పొదుపు సంఘానికి పదిమంది కావాలి, వికలాంగుల సంఘానికి ఐదుగురు చాలు. ఆ ఐదుగురితోనే పని మొదలవుతుంది.

మొదటి పనిగా నేనైతే ఊళ్లో ర్యాంపులు కొలవమంటాను. ఖర్చు ఒక టేపు. నియమం ఏమిటంటే, ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పొడవు 12 అడుగులుండాలి. బడి అరుగు ఒకటిన్నర అడుగు ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు రావాలన్నమాట. చాలాచోట్ల ఆరడుగుల్లో ముగించి బిల్లు పెట్టేస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉందా, మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకుంటుందా, లోపల పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నవి కూడా రాసుకోండి. సచివాలయం, బడి, ఆరోగ్య ఉపకేంద్రం, రేషన్ షాపు చూస్తే ఊరు పూర్తయినట్టే. ఫోటోలతో గ్రామసభలో ఇవ్వండి, సుగమ్య భారత్ యాప్‌లోనూ పెట్టండి. కొలతలతో వెళ్లినవాళ్లను ‘చూద్దాంలే’ అని పంపించేయడం కష్టం.

ఎన్నికలప్పుడు ఏం చేయొచ్చు?

పోలింగుకు చాలా ముందే ఉంటుంది పని. ఓటరు జాబితాలో వికలాంగులుగా నమోదు కావాలంటే ఫారం 8 ఇవ్వాలి, అది నింపించండి. చక్రాల కుర్చీ కావాలని ఎన్నికల సంఘం యాప్‌లో ముందే అడగొచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవాళ్లకు ఫారం 12డీ మీద ఇంటి నుంచే ఓటేసే వీలు కల్పించారు. ఇవి తెలియకే చాలామంది ఓటు వదిలేసుకుంటున్నారు. ఆ పనిలో ఉన్నన్నాళ్లు మెడలో ఏ కండువా వేయకండి.

## మొదటిరోజుకు ముందు

వెళ్లేముందు ఫోన్లో ఏం అడగాలి?

‘మాకు వీలుగా ఉంటుందా?’ అని అడగొద్దు. ‘ఆఁ, రండి, ఏం ఇబ్బంది లేదు’ అంటారు, అక్కడికెళ్తే ఇబ్బందే ఉంటుంది. ‘మెట్లేమీ లేవండీ, రెండే’ అన్న జవాబు మాలో విననివాళ్లుండరు. విడివిడిగా అడగండి. ఆటో గుమ్మం దాకా వస్తుందా? గేటు నుంచి కూర్చునే చోటికి ఎన్ని మెట్లు? వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కుర్చీకి చేతులుంటాయా? ఆ రోజు నాకు పని చెప్పేది ఎవరు, వాళ్ల ఫోన్ నంబరెంత? వీలైతే వాట్సాప్‌లో ఒక వీడియో తీసి పంపమనండి, నిమిషంలో అంతా తెలిసిపోతుంది.

దారి ఖర్చులు ఎవరు పెట్టుకోవాలి?

ముందే తేల్చుకోండి. ఆర్టీసీ రాయితీ పాసు ఉంటే తీసుకెళ్లండి. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు నిర్ణీత బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ అసలు ఖర్చు బస్టాండు నుంచి ఆ చోటికి ఆటోదే. నడిచొచ్చే వాలంటీరుకు అయ్యేది టీ ఖర్చు, మీకయ్యేది రానూపోనూ ఆటో. అది అడగడానికి మొహమాటపడొద్దు. వాళ్లు ఇవ్వలేకపోతే వారానికి ఒకసారి వెళ్లి మిగతాది ఫోన్ మీద చేయండి.

ఎన్ని గంటలు ఒప్పుకోవాలి?

రెండు. మొదటి నెల అంతకుమించి వద్దు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు పనిలో పడి ఒకే భంగిమలో కూర్చుండిపోతే పిరుదుల మీద పుండ్లు పడతాయి. ఫోన్లో అలారం పెట్టుకుని అరగంటకోసారైనా చేతుల మీద ఒళ్లు పైకి లేపండి. గాయం మెడ దగ్గర ఉన్నవాళ్లకు కింది శరీరానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం శిబిరాలు ఒప్పుకోకపోవడమే మంచిది. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసేవాళ్లు మాలో చాలామంది. దానివల్ల మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి. టాయిలెట్ లేని చోటికి వెళ్లకండి, అంతే.

## పని సాగుతుండగా

వెళ్తే టీ ఇచ్చి కూర్చోబెడుతున్నారు. పని చెప్పడం లేదు.

మర్యాద అనుకుని చేస్తారు. మీరే ఒక పని పేరు చెప్పి అడగండి: ‘రిజిస్టర్ నేను రాస్తాను, ఇటివ్వండి’. ‘ఏదైనా చెప్పండి’ అంటే ఏదీ చెప్పరు. నెల తర్వాత కూడా టీయే ఇస్తుంటే వేరే చోటు చూసుకోండి.

నా ఫోటో పెట్టి ‘కాళ్లు లేకపోయినా’ అని రాస్తున్నారు. ఇబ్బందిగా ఉంది.

చెప్పేయండి. చేరేటప్పుడే ‘నన్నడగకుండా ఫోటో పెట్టొద్దు, పెడితే నేను చేసిన పని గురించి రాయండి’ అని ఒక మాట అనుకుంటే తర్వాత గొడవుండదు. పెట్టేసిన ఫోటో తీయించమని అడిగే హక్కు మీకుంది. నలభైమంది పిల్లలకు కూడికలు నేర్పిన మనిషి గురించి రాస్తూ కాళ్ల గురించి మాత్రమే రాస్తే ఆ రాసినవాళ్లు పని చూడలేదనే అర్థం. కొందరికి ఆ పోస్టులు ఇష్టమే, వాళ్లను తప్పుపట్టక్కర్లేదు.

అక్కడ ఒకతను అందరిముందు కుంటి అని వెక్కిరించాడు.

మొదట సంస్థ నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వండి. నలుగురిలో కావాలని అవమానించడం 2016 హక్కుల చట్టం సెక్షన్ 92 కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. కేసు దాకా వెళ్లాలనుకుంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

సదరం క్యాంపు దగ్గర సాయం చేయాలనుకుంటున్నాం. ఎలా నడపాలి?

మా లెక్కలో వికలాంగ వాలంటీర్లు అందరికంటే బాగా చేయగలిగిన పని ఇదే. ఆసుపత్రి గేటు దగ్గర, నీడలో, ఒక బల్ల చాలు. పొద్దున ఏడింటికే ఊళ్లనుంచి జనం దిగిపోతారు. కొందరు బస్సు దొరకదని రాత్రే వచ్చి వరండాలో పడుకుంటారు. వాళ్లకు మొదట కావాల్సింది ఏ గది, ఏ అంతస్తు, ఎంతసేపు అన్న సమాచారం. తర్వాత కాగితాలు: స్లాటు రసీదు, ఆధార్, పాత సర్టిఫికెట్, వైద్యం చేయించుకున్న రిపోర్టులు. వినికిడి పరీక్షకు వచ్చినవాళ్లను పేరు పెట్టి పిలిచి ‘రాలేదు’ అని రాసేసుకున్న సందర్భాలున్నాయి. అందుకే వాళ్ల పక్కన ఒకరు నిలబడటం చాలా అవసరం. సంచిలో పెన్ను, స్టాంప్ ప్యాడ్, మంచినీళ్లు, ఒక పాత దుప్పటి ఉంచుకోండి. దుప్పటి ఎందుకంటే, నిలబడలేని పెద్దవాళ్లు వరుసలో నేలమీదే కూర్చుంటారు.

కొన్ని కచ్చితంగా పాటించాలి. శాతం గురించి ఒక్క మాట కూడా చెప్పొద్దు. ‘తప్పకుండా 40 వస్తుందిలే’ అన్నారంటే మర్నాడు మీరే దళారి అవుతారు. డబ్బు ముట్టుకోవద్దు, వాళ్లిప్పించే టీ కూడా తాగొద్దు. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు నింపేటప్పుడు ఓటీపీ వాళ్ల ఫోన్లో వాళ్లే చూసి చెప్పాలి. మీ నంబరు ఇవ్వకండి, ఆ తర్వాత కార్డు సమాచారమంతా మీ ఫోనుకే వస్తూ వాళ్లకు తెలియకుండా పోతుంది. సూపరింటెండెంట్ గారికి ముందే లెటర్ ఇచ్చి అనుమతి తీసుకుంటే సెక్యూరిటీ వాళ్లతో పేచీ ఉండదు.

వరదలు, తుఫానులు వచ్చినప్పుడు మేం ఏం చేయగలం?

నీళ్లొచ్చాక కాదు, వానాకాలానికి ముందే మీ పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు మంచం మీది మనుషులున్న ఇళ్లేవో పడవల్లో వెళ్లినవాళ్లకు తెలియాలంటే ముందే ఒక జాబితా ఉండాల్సింది. ఏ వీధి, ఏ అంతస్తు, మోయాలా నడిపించాలా, ఆక్సిజన్ కావాలా, మైకులో చెబితే వినపడుతుందా అన్నది రాసి ఆ ఇళ్లవాళ్ల అనుమతితో సచివాలయంలో ఇవ్వండి. ఏడాదికోసారి సరిచేయండి.

అలసిపోయాను. మానేస్తే ఏమనుకుంటారో?

వారం ముందు చెప్పి మానేయండి. కారణం చెప్పక్కర్లేదు. రిజిస్టర్లు, తాళాలు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ బాధ్యత అప్పజెప్పండి.

ఉద్యోగానికి పనికొచ్చేలా సర్టిఫికెట్ ఎలా అడగాలి?

‘సేవాభావంతో పనిచేశారు’ అన్న కాగితం ఇంటర్వ్యూలో ఎవరూ చదవరు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ పని, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, ఎవరి కింద చేశారు అన్నవి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ముసాయిదా మీరే రాసి తీసుకెళ్తే ఆ రోజే సంతకం అవుతుంది.

## సంస్థలవాళ్లు అడిగేవి

మాకు ర్యాంపు కట్టే స్తోమత లేదు. మరి ఎలా?

కట్టలేకపోతే పనిని కిందికి దించండి. మేడ మీది మీటింగును కింద వరండాలో పెట్టడానికి ఖర్చేమీ కాదు. కుర్చీతో సహా మోసుకెళ్తామని మాత్రం అనకండి. పడేస్తే ప్రమాదం, పడేయకపోయినా ఆ మనిషి ఇంకోసారి రారు.

వినపడని వాలంటీరు ఉన్నారు. మీటింగులు ఎలా పెట్టాలి?

ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చోండి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, నిర్ణయాలు బోర్డు మీద రాయండి. ఫోన్లో మాటను అక్షరాలుగా చూపించే యాప్‌లు తెలుగులోనూ పనిచేస్తాయి, పేర్ల దగ్గర తడబడతాయి. ముఖ్యమైన శిక్షణకు సైగల భాష వచ్చినవాళ్లను పిలిపించండి. వెంట వచ్చిన చెల్లెలితో మాట్లాడి అతనికి చెప్పమనడం పద్ధతి కాదు.

ఏదైనా జరిగితే మామీదికి వస్తుందేమో?

ఈ భయం అందరు వాలంటీర్ల విషయంలోనూ ఉండాల్సిందే. అందరికీ కలిపి గ్రూపు ప్రమాద బీమా తీసుకోండి, ప్రతి ఒక్కరి దగ్గరా ఇంటివాళ్ల నంబరు, మందుల వివరాలు రాసిపెట్టుకోండి. ఒక్క వికలాంగుల దగ్గరే ‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అని రాయించుకోవడం వివక్ష.

పని సరిగా చేయకపోతే మందలించొచ్చా?

మందలించండి. లెక్క తప్పు రాస్తే తప్పని చెప్పండి, చెప్పకుండా వెనక మీరు దిద్దుకుంటే వాళ్లకు పని ఎప్పటికీ రాదు. ఆలస్యం విషయంలో మాత్రం ముందు కారణం అడగండి. బస్సు ఎక్కించుకోకుండా వెళ్లిపోయిందంటే టైం మార్చండి. పొద్దెక్కేదాకా పడుకున్నారంటే మిగతావాళ్లకు ఏం చెబుతారో అదే చెప్పండి.